మాస్టారికి ఉత్తరాలు: కాగితం మీద మూడో అక్షం

ఇంజనీరింగ్ లెక్కల మీద సందేహాలు పంపమంటే ఉత్తరాలు బాగానే వచ్చాయి. వాటిలో ఎక్కువ బొమ్మల గురించే. "లెక్క వస్తుంది, బొమ్మ రాదు" అన్నదే అందరి బాధ. కొత్తగా ఈ పేజీ చదివేవాళ్ళ కోసం ఒక మాట: నేను విశాఖలో ఓడలు కట్టే చోట డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి, ఆ తర్వాత ఇంజనీరింగ్ పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఉండేది మల్కాపురంలో. అంచేత నా జవాబుల్లో ఓడల గోల కాస్త ఎక్కువే ఉంటుంది, సర్దుకోండి. బ్రాకెట్లో మూడు అంకెలు కనిపిస్తే అవి ఎక్స్, వై, జెడ్ వరుసలో ఉన్నాయని చదువుకోండి.

ప్రశ్న: మాస్టారూ, (1, 2, 0), (0, 1, 3) అనే రెండు వెక్టర్లకు క్రాస్ ప్రొడక్ట్ చేస్తే (6, −3, 1) వచ్చింది. డాట్ ప్రొడక్ట్‌తో సరిచూసుకుంటే రెండింటితోనూ సున్నాయే. అంటే రెండింటికీ లంబంగా ఉండాలి కదా? బొమ్మ గీస్తే మాత్రం ఎటో వెళ్ళిపోతోంది. చెరిపి చెరిపి కాగితం చిరిగింది. ఇంటర్నల్స్ దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది. నా తప్పు ఎక్కడ?
— బి.టెక్. మొదటి సంవత్సరం విద్యార్థిని, మధురవాడ

జవాబు: తప్పు ఎక్కడా లేదమ్మా. లెక్కా సరైనదే, బహుశా బొమ్మా సరైనదే. లంబంగా ఉన్నది లంబంగా కనబడాలి అనుకోవడం ఒక్కటే తేడా కొట్టింది.

ఒక గళ్ళ నోటు పుస్తకం తీసుకో. మధ్యలో మూలబిందువు పెట్టు. వై అక్షం కుడివైపుకి, జెడ్ అక్షం నిలువుగా పైకి. ఎక్స్ అక్షం నీ వైపుకి రావాలి, కానీ కాగితంలోంచి బయటికి గీత గీయలేం కదా, అందుకని ఎడమ పక్కకి కిందకి, గడి మూల నుంచి మూలకి వెళ్ళేలా గీయి. వై, జెడ్‌లకు ఒక గడి ఒక యూనిట్. ఎక్స్‌కి మాత్రం గడి కర్ణంలో సగం ఒక యూనిట్. కుడిచేతి వేళ్ళను ఎక్స్ నుంచి వై వైపు ముడిస్తే బొటనవేలు జెడ్ వైపు చూస్తుందో లేదో ఒకసారి సరిచూసుకో. అక్షాల పేర్లు తారుమారైతే క్రాస్ ప్రొడక్ట్ తలకిందులవుతుంది, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా గీసినా లాభం లేదు.

ఇప్పుడు నీ వెక్టర్లు గీద్దాం. మొదటిది (1, 2, 0). ఎక్స్ మీద ఒక యూనిట్ అంటే అర గడి ఎడమకి, అర గడి కిందకి. అక్కణ్ణించి రెండు గళ్ళు కుడికి. చివరికి మూలబిందువు నుంచి ఒకటిన్నర గడి కుడికి, అర గడి కిందకి చేరతావు. రెండోది (0, 1, 3) ఒక గడి కుడికి, మూడు పైకి. క్రాస్ ప్రొడక్ట్ అయితే ఆరు గళ్ళు ఎడమకి, రెండు కిందకి వెళ్ళి ఆగుతుంది.

ఈ మూడు బాణాల మధ్య కోణమాని పెట్టి కొలు. మొదటి వెక్టర్‌కీ క్రాస్ ప్రొడక్ట్‌కీ మధ్య సుమారు 143 డిగ్రీలు వస్తుంది. రెండోదానికీ దానికీ మధ్య సుమారు 127. అసలు చోద్యం ఇంకోటి ఉంది. నువ్వు తీసుకున్న మొదటి రెండు వెక్టర్ల మధ్య కాగితం మీద కచ్చితంగా 90 డిగ్రీలు కనబడుతుంది. నిజానికి వాటి డాట్ ప్రొడక్ట్ 2, మధ్య కోణం 73.6 డిగ్రీలు. లంబంగా ఉన్నవి లంబంగా కనబడవు, లంబంగా లేనివి లంబంగా కనబడతాయి. ఇంత మంచి ఉదాహరణ నేను వెతికినా దొరికేది కాదు, దాచుకుంటున్నాను.

దీనికి కారణం పెద్ద రహస్యమేం కాదు. మూడు అంకెల్ని రెండు అంకెల్లోకి కుదిస్తే ఏదో ఒకటి పోవాలి. (2, 3, 4) అనే బిందువును పై పద్ధతిలో గుర్తించు. తర్వాత (0, 2, 3)ని గుర్తించు. తర్వాత (4, 4, 5)ని. మూడూ ఒకే చుక్క మీద పడతాయి. (2, 1, 1) దిశలో ఎంత దూరం జరిగినా కాగితం మీద చుక్క కదలదు, ఎందుకంటే ఈ బొమ్మకు చూపు దిశ అదే. కాగితం మీద పెట్టిన ఒట్టి చుక్క ఒక బిందువు కాదు, ఒక పూర్తి సరళరేఖ.

అందుకే డ్రాయింగ్ ఆఫీసులో చుక్కను ఒంటరిగా వదిలేవాళ్ళం కాదు. (2, 3, 4) గీయాలంటే ముందు నేల మీద, అంటే జెడ్ సున్నా అయిన తలంలో, (2, 3, 0) ఎక్కడుందో చూపించు. దాని నుంచి రెండు అక్షాలకూ సమాంతరంగా చుక్కల గీతలు లాగు. ఆ పాదం నుంచి నిలువుగా నాలుగు గళ్ళు పైకి చుక్కల గీత లేపి, అక్కడ బిందువు పెట్టు. మూలబిందువు నుంచి దానికి ముదురు బాణం గీయి. చుక్కల గీతలతో ఒక పెట్టె తయారవుతుంది. ఆ పెట్టె ఉంటేనే చూసేవాడికి అది (2, 3, 4) అని, (0, 2, 3) కాదని తెలుస్తుంది. జెడ్ రుణాత్మకమైతే పాదం నుంచి కిందకి దిగు, నేల వెనక్కి పోయిన భాగాన్ని తేలికగా గీయి.

ఐసోమెట్రిక్‌లో గీస్తే బాగుంటుందా అని కూడా అడుగుతావేమో. మూడు అక్షాల మధ్య 120 డిగ్రీలు, మూడింటికీ ఒకే స్కేలు. కేంబ్రిడ్జిలో విలియం ఫారిష్ 1822లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, యంత్రాల బొమ్మలకు చాలా బాగుంటుంది. కానీ అందులోనూ ఒక దిశ మాయమవుతుంది. (1, 1, 1), (2, 2, 2) అన్నీ మూలబిందువు మీదే కూర్చుంటాయి. ఏ పద్ధతి పట్టుకున్నా లంబమా కాదా అని తేల్చేది డాట్ ప్రొడక్టే. బొమ్మలో లంబకోణం గుర్తు, ఆ చిన్న చతురస్రాన్ని కాస్త వాల్చి గీస్తావు చూడు, అది నువ్వు లెక్క చేసి తెలుసుకున్న విషయాన్ని చూసేవాడికి చెప్పడానికి. పరీక్షలో అది పెట్టడం మర్చిపోకు.

ప్రశ్న: సార్, ఎలిప్సాయిడ్, పారాబోలాయిడ్, ఒక రేకు హైపర్బోలాయిడ్, రెండు రేకుల హైపర్బోలాయిడ్ అని పేర్లన్నీ బట్టీ పట్టాను. సమీకరణం ఇచ్చి గీయమంటే చెయ్యి కదలదు. పుస్తకంలో బొమ్మను చూసి దించితే బంగాళాదుంపలా వస్తోంది.
— డిగ్రీ విద్యార్థి, గాజువాక

జవాబు: దించడం మానెయ్ తమ్ముడూ. వంపు తిరిగిన ఉపరితలాన్ని చూసి గీయడం చిత్రకారుడి పని. మన పని కోసి గీయడం.

ఓడలు కట్టేవాళ్ళు ఇదెలా చేశారో చూడు. 1941లో సింధియా కంపెనీ ఇక్కడ విశాఖలో ఓడలు కట్టే యార్డు పెట్టింది. 1948 మార్చిలో నెహ్రూ 'జల ఉష' ఓడను సముద్రంలోకి దింపారు. ఆ రోజుల్లో కంప్యూటర్లు లేవు. ఓడ పొట్ట ఆకారానికి పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు ఒక చిన్న సమీకరణం కూడా ఉండదు. మరి రేకుల్ని ఏ వంపులో వంచాలో ఎలా తెలుస్తుంది? లైన్స్ ప్లాన్ అని ఒక డ్రాయింగ్ ఉంటుంది. అందులో ఓడను మూడు రకాలుగా కోసి చూపిస్తారు. నీటిమట్టానికి సమాంతరంగా అడ్డంగా కోస్తే వచ్చే గీతలు వాటర్‌లైన్లు. పొడవునా నిలువుగా కోస్తే బటక్ లైన్లు. పొడవుకు అడ్డంగా, నిలువుగా కోస్తే సెక్షన్లు. ఓడ రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి సెక్షన్లలో సగమే గీస్తే చాలు. బాడీ ప్లాన్ అనే బొమ్మలో ముందు భాగం సెక్షన్లు కుడి సగంలో, వెనక భాగానివి ఎడమ సగంలో గీస్తారు. ఏ బిందువైనా మూడు బొమ్మల్లోనూ ఒకే కొలతలతో కలవాలి. కలవకపోతే ఎక్కడో వంపు పాడైనట్టు లెక్క. సన్నటి చెక్క బద్దను వంచి, బరువులు పెట్టి, ఆ గీతను నున్నగా సరిచేసేవాళ్ళం. ఓడ మొత్తం ఎలా ఉంటుందో మనసులో ఊహించుకుని గీసినవాడు నాకు ఒక్కడూ తెలీదు. అందరూ కోతలే గీసేవాళ్ళు.

సమీకరణానికీ అదే మందు. ఎక్స్² + వై² − జెడ్² = 1 అనుకో, నీ ఒక రేకు హైపర్బోలాయిడ్ ఇదే. జెడ్ సున్నా పెట్టు. ఎక్స్² + వై² = 1, అంటే ఒక యూనిట్ వ్యాసార్థం ఉన్న వృత్తం. జెడ్‌కి 2 పెట్టు. ఎక్స్² + వై² = 5, అంటే వ్యాసార్థం 2.24 దాకా పెరిగింది. జెడ్‌కి −2 పెట్టినా అంతే. మధ్యలో సన్నటి నడుం, పైనా కిందా వెడల్పు. ఇప్పుడు ఎక్స్ సున్నా పెట్టి నిలువుగా కోస్తే వై² − జెడ్² = 1, హైపర్బోలా. ఆ రెండు వంపు గీతలు మూడు వృత్తాల అంచుల్ని కలుపుతాయి. ఇంకేముంది, బొమ్మ అయిపోయింది. దాన్నే పెద్దగా చూడాలంటే పరవాడ వైపు వెళ్ళు, సింహాద్రి థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు దూరం నుంచే కనబడతాయి. వాటి నడుం సరిగ్గా మధ్యలో కాకుండా పైకి జరిగి ఉంటుంది, ఆ తేడా గమనించు.

కుడివైపున 1 బదులు 0 ఉంటే నడుం బిందువుగా కుదించుకుపోయి శంకువు అవుతుంది. −1 ఉంటే జెడ్ −1కీ 1కీ మధ్య అసలు కోతే దొరకదు. మధ్యలో ఖాళీ, పైనొక గిన్నె, కిందొక బోర్లించిన గిన్నె. రెండు రేకులు అనే పేరు బట్టీ పట్టక్కర్లేదు, కోస్తే అదే తెలుస్తుంది.

ఒక రేకు దానిలో ఇంకో అందం ఉంది. (1, టి, టి) అనే బిందువును ఆ సమీకరణంలో పెట్టి చూడు. 1 + టి² − టి² = 1. టి ఎంతైనా సరిపోతుంది. అంటే అంత వంపు తిరిగిన ఉపరితలం మీద ఒక తిన్నని గీత పూర్తిగా పడుకుని ఉంది! తిప్పుకుంటూ పోతే అలాంటివి ఎన్నైనా దొరుకుతాయి. రష్యా ఇంజనీరు షుఖోవ్ 1896లో నిజ్నీ నొవ్‌గొరొద్ ప్రదర్శనలో ఇలాగే తిన్నని ఉక్కు కమ్మీలతో నడుం ఉన్న టవర్ నిలబెట్టాడు. నీకు పనికొచ్చేది ఏమిటంటే, స్కేలు పెట్టి పై వృత్తం నుంచి కింది వృత్తానికి ఏటవాలు గీతలు గీస్తే నడుం దానంతటదే వస్తుంది.

జెడ్ = ఎక్స్² − వై² అందరినీ ఏడిపిస్తుంది. వై సున్నా అయితే పైకి తెరుచుకునే పారాబోలా. ఎక్స్ సున్నా అయితే కిందకి వంగే పారాబోలా. జెడ్ సున్నా అయితే ఒకదాన్నొకటి ఖండించే రెండు సరళరేఖలు. గుర్రపు జీను అంటారు గానీ మనలో గుర్రం ఎక్కినవాళ్ళు ఎంతమంది? యారాడ వెళ్ళే ఘాట్ రోడ్డు తలుచుకో. రెండు పక్కలా కొండ లేస్తుంది, ముందూ వెనకా దారి దిగుతుంది. నువ్వు నిలబడ్డ చోటు ఒక దిక్కులో అన్నిటికంటే తక్కువ, ఇంకో దిక్కులో అన్నిటికంటే ఎక్కువ. ముందు ఆ రెండు పారాబోలాలూ గీసి, కిందకి వంగినదాని వెంట పైకి తెరుచుకునే పారాబోలాల్ని అక్కడక్కడా వేలాడదీసుకుంటూ పో.

బంగాళాదుంప సంగతి. నేల మీది వృత్తం ఈ బొమ్మల్లో వాలిన ఎలిప్స్‌గా కనబడాలి. ఊరికే చేత్తో గుండ్రంగా తిప్పితే అది నేల మీద పడుకోదు. వృత్తం చుట్టూ ఉండే చతురస్రాన్ని ముందు గీయి. అది ఏటవాలు చతుర్భుజంలా వస్తుంది. దాని నాలుగు భుజాల మధ్య బిందువుల్ని తాకుతూ వంపు తిప్పు. వెనక దాగిన సగం చుక్కల గీత.

తీరిక దొరికితే బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి ఒకసారి వెళ్ళిరా. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. సుమారు 91 మీటర్ల పొడవు, 7.5 మీటర్ల వెడల్పు. ఆ చివర నుంచి ఈ చివరకి బల్క్‌హెడ్లు, అంటే లోపలి అడ్డగోడలు, దాటుకుంటూ నడవాలి. ప్రతి బల్క్‌హెడ్ ఒక అడ్డకోతే.

ప్రశ్న: మా అబ్బాయికి త్రీడీ బొమ్మలు గీసే యాప్ కొనివ్వమంటారా? చేత్తో గీయడం ఇంకా అవసరమా?
— ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: కొనక్కర్లేదండీ. జియోజీబ్రా ఉచితంగానే దొరుకుతుంది. అబ్బాయిని ముందు చేత్తో గీయమనండి, తర్వాత అందులో తిప్పి సరిచూసుకోమనండి. వరస మారిస్తే మాత్రం బొమ్మ చూస్తాడు గానీ గీయడు.

ప్రశ్న: జెడ్ = 8 − ఎక్స్² − వై² అనే కొండ మీద, (1, 1) దగ్గర గ్రేడియంట్ గీయమన్నారు. గ్రేడియంట్ అంటే బాగా ఏటవాలుగా పైకెక్కే దిశ కదా, అందుకని కొండ వాలు మీద శిఖరం వైపు బాణం గీశాను. మా సార్ సగం మార్కులు కోసేశారు. న్యాయమేనా మాస్టారూ?
— బి.టెక్. విద్యార్థి, పెందుర్తి

జవాబు: న్యాయమే బాబూ. మీ సార్‌తో పేచీకి వెళ్ళకు.

ఇక్కడ గ్రేడియంట్ (−2, −2). అంకెలు ఎన్నున్నాయి? రెండు. రెండంకెల వెక్టర్ నేల మీద ఉంటుంది, కొండ మీద కాదు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ టోపోషీటు, అంటే ఎత్తుపల్లాలు చూపించే మ్యాపు, చూశావా? 1:50,000 స్కేలు షీట్లలో మామూలుగా 20 మీటర్లకొక కాంటూరు గీత, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, ఉంటుంది. గ్రేడియంట్ ఆ కాగితం మీద గీసే బాణం. కాంటూరుకు లంబంగా, ఎత్తు పెరిగే వైపుకి. నీ కొండకు కాంటూర్లు వృత్తాలు, కాబట్టి బాణం నేల మీద (1, 1, 0) నుంచి మూలబిందువు వైపుకి పోవాలి. కాంటూర్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట బాణం పొడుగు, దూరంగా ఉన్న చోట పొట్టి.

వాలు వెంబడి ఎక్కే బాణం కూడా తప్పేం కాదు, కానీ అది వేరే వెక్టర్. నేల మీద (−2, −2) జరిగితే ఎత్తు 8 చొప్పున పెరుగుతుంది, కాబట్టి అది (−2, −2, 8). (1, 1, 6) అనే బిందువు దగ్గర గీయాలి. వాలు 2.83, అంటే దాదాపు 70 డిగ్రీల ఏటవాలు, ఎవరూ ఎక్కలేరు. ఇంకో మూడో బాణం కూడా ఉంది. ఎక్స్² + వై² + జెడ్ అనే మూడు చరాల ప్రమేయానికి గ్రేడియంట్ తీస్తే (2, 2, 1) వస్తుంది. అది ఉపరితలంలోంచి బయటికి లంబంగా పొడుచుకొస్తుంది. దాన్ని (−2, −2, 8)తో డాట్ చేసి చూడు, సున్నా. మూడింటినీ మూడు రంగుల్లో ఒకే బొమ్మలో గీసి మీ సార్‌కి చూపించు.

ప్రశ్న: ట్రిపుల్ ఇంటెగ్రల్స్‌లో లిమిట్స్ వెయ్యలేకపోతున్నాను. జెడ్ = ఎక్స్² + వై², జెడ్ = 8 − ఎక్స్² − వై² మధ్య ఘనపరిమాణం అడిగారు. బొమ్మే రావడం లేదు.
— ఎంవీపీ కాలనీ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: పూర్తి బొమ్మ అక్కర్లేదమ్మా, రెండు చిన్న బొమ్మలు చాలు. మొదటిది నిలువు కోత. వై సున్నా పెట్టి పైకి తెరుచుకున్న పారాబోలా, కిందకి వంగిన పారాబోలా గీయి. ఏది పైకప్పో ఏది అడుగో తెలిసిపోతుంది. రెండోది నేల మీద పడే నీడ. రెండూ కలిసే చోట ఎక్స్² + వై² = 4, కాబట్టి నీడ రెండు యూనిట్ల వ్యాసార్థం ఉన్న వృత్తం. జెడ్ లిమిట్స్ మొదటి బొమ్మ నుంచి, మిగతావి రెండోదాని నుంచి. పోలార్‌లో చేస్తే, ఆర్ అంటే నేల మీద మూలబిందువు నుంచి దూరం, ఎత్తు 8 − 2ఆర్², దాన్ని ఆర్‌తో గుణించి 0 నుంచి 2 వరకు, తర్వాత చుట్టూ. జవాబు సుమారు 50.27 ఘన యూనిట్లు రావాలి. రాకపోతే ఆర్‌తో గుణించడం మర్చిపోయి ఉంటావు.

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. నేను ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పైపు పని చేస్తాను. చదువు ఐటీఐ. ఒకే సైజు పైపులు రెండింటిని టీ ఆకారంలో అతికేటప్పుడు అట్ట టెంప్లేట్ చుట్టి మార్కు చేస్తాం. పక్క నుంచి చూస్తే అతుకు తిన్నగా కనబడుతుంది, అట్ట విప్పితే వంపులు వంపులుగా ఉంటుంది. ఎందుకలా?
— వి.ఆర్., గాజువాక

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదేనండీ. కాలేజీ పిల్లలు సర్ఫేసుల ఖండనం అని భయపడేదాన్ని మీరు రోజూ కత్తిరిస్తున్నారు.

అడ్డంగా ఉన్న మెయిన్ పైపు వై అక్షం వెంబడి ఉందనుకోండి, దాని సమీకరణం ఎక్స్² + జెడ్² = ఆర్². పైనుంచి దిగే బ్రాంచి పైపు జెడ్ అక్షం వెంబడి, ఎక్స్² + వై² = ఆర్². ఆర్ రెండింటికీ వ్యాసార్థం. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే జెడ్² = వై². అంటే జెడ్, వై సమానం, లేదా ఒకటి ఇంకోదానికి మైనస్. రెండూ 45 డిగ్రీల్లో వాలిన చదును తలాలే. అతుకు గీత ఆ తలాల్లోనే ఉంటుంది కాబట్టి ఎక్స్ దిక్కు నుంచి, అంటే రెండు పైపుల ఇరుసులూ కనబడే పక్క నుంచి చూస్తే తిన్నగా కనిపిస్తుంది. సైజులు వేరైతే ఈ వెసులుబాటు పోతుంది, పక్క నుంచి చూసినా వంపే.

అట్ట విప్పితే వచ్చే వంపు సైన్ వక్రం. 100 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న పైపు తీసుకుందాం. చుట్టుకొలత 628 మిల్లీమీటర్లు. దాన్ని 12 భాగాలు చేస్తే ఒక్కోటి 52.4. బ్రాంచి అన్నిటికంటే లోతుగా దిగే చోటు మెయిన్ పైపు పక్కన ఉంటుంది, అక్కడ ఎత్తు సున్నా. అక్కణ్ణించి ఒక్కో భాగానికి ఎత్తులు 50, 86.6, 100, మళ్ళీ 86.6, 50, 0. అట్ట మిగతా సగానికి అవే ఎత్తులు మళ్ళీ వేయండి. చుక్కలు కలిపితే రెండు మూపురాల గీత వస్తుంది. నేను పైపు మందం లెక్కలోకి తీసుకోలేదు. మీరు బ్రాంచిని మెయిన్ మీద కూర్చోబెడతారు కాబట్టి మెయిన్‌కి బయటి వ్యాసార్థం, బ్రాంచికి లోపలి వ్యాసార్థం వాడాలి. అప్పుడు రెండు వ్యాసార్థాలూ కాస్త తేడాగా ఉంటాయి, ఎత్తులు కూడా కొద్దిగా మారతాయి. మీ పైపు మందం ఎంతో రాసి పంపితే ఆ కొలతలు వచ్చే సంచికలో వేస్తాను. ఈలోగా కట్ చేసేముందు అట్టను పైపుకి చుట్టి, అంచులు రెండూ సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసుకోండి.